చీటీలో వచ్చిన థాంక్స్

చీటీ విప్పి చూసి చిన్నకోడలు ఉసూరుమంది.

"ఏం మాట వచ్చిందమ్మాయ్?" పక్క కుర్చీలోంచి మామగారు మెడ సాచారు.

"థాంక్స్."

"నేనేం చేశాననీ?"

"మీకు కాదు మావయ్యగారూ. చీటీలో ఉన్న మాటే అది."

రేడియోలో రోజూ పొద్దున్నే ఒక ఇంగ్లీషు మాటకి అర్థం, పుట్టుక, వాడుక చెప్పే చిన్న కార్యక్రమం ఒకటుంది. దానికి కొత్త గొంతు కావాలన్నారు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట. ఫోన్లు గుమ్మం దగ్గరే ఇచ్చేయాలి. కాసేపు ఆలోచించుకుని, గాజుగదిలోకి వెళ్ళి మైకు ముందు మాట్లాడాలి. మార్కుల్లో సగం పుట్టుకకే.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో చిన్నకోడలి గొంతు వీధిగుమ్మం దాటిందంటే అది పాలవాణ్ణి పిలవడానికే. డిగ్రీలో చదువుకున్న ఇంగ్లీషుని మంచి చీరలాగా మడత నలక్కుండా దాచుకుంది. ఈ ఉద్యోగం తప్పిపోతే ఆ మడతలోనే చివికిపోతుందని ఆమె దిగులు.

"ఇంత తేలిక మాటా? మీ అందరి మొహాలూ చూసి జాలిపడ్డట్టున్నారు," అన్నారు మామగారు.

"అర్థం పసిపిల్లలకీ తెలుసు. పుట్టుక నాకు తెలీదు. ఇక వాడుకంటారా, మనింట్లో ఎవరైనా ఎప్పుడైనా వాడారా?"

మామగారు ఆలోచించారు. "ఒకసారి మీ అత్తయ్యకి చెప్పాను. ఒంట్లో బాలేదేమోనని నుదుటి మీద చెయ్యేసి చూసింది."

ఎదుటి బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ ఫక్కున నవ్వింది. కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. మడతపెట్టిన కాయితం ముక్కతో విసురుకుంటోంది. తన మామగారిలాగే, ఎవరికో తోడొచ్చిన తల్లి అయ్యుంటుందనుకుంది చిన్నకోడలు.

"అదే చెప్పండి," అందావిడ.

"ఏది?"

"మీ అత్తగారు చెయ్యేసి చూసిన సంగతి. సొంతవాళ్ళకి ఈ మాట చెబితే పరాయివాళ్ళయిపోతారని మనకో భయం. వాడుకంటే అదేగా."

"రేడియోలో ఇంటి గుట్టు చెప్పమంటారా?"

"ఎవరింట్లోనైనా అదే గుట్టు. ఎవరికి వాళ్ళు తమదే అనుకుంటారు."

"ఆవిడ చెప్పింది బావుంది," అన్నారు మామగారు. "నా పేరు మాత్రం ఎత్తకు."

చిన్నకోడలు కుర్చీ ముందుకి లాక్కుంది. "మరి ఇదే మాటతో దెప్పుతారు కదండీ, థాంక్స్ టు యూ అని. దాన్నెలా చెప్పను?"

"మీ ఇంట్లో పాలు పొంగిపోతే ఏమంటారు?"

"నీ పుణ్యమా అని పొయ్యంతా పాలే, అంటారు అత్తయ్య."

"టైముకి బస్సు దొరికితే?"

"నీ పుణ్యమా అని బస్సు అందింది..." ఆమె అక్కడే ఆగిపోయింది. "అరె, మెచ్చుకున్నా అదే, దెప్పినా అదే."

"చూశారా, మీకన్నీ తెలుసు."

"పుట్టుక తెలీదుగా. అది లేకపోతే ఇదంతా దండగేనండీ."

పెద్దావిడ విసురుకోవడం ఆపింది. చేతిలోని కాయితం వంక చూసుకుంది. దాన్ని ఇంకో మడత పెట్టింది. తరవాత నెమ్మదిగా అంది.

"థింక్ అనే మాటకీ దీనికీ ఒకటే వేరు. మొదట్లో తలపు అనే అర్థం. తరవాత మంచి తలపు. ఆ తరవాతే కృతజ్ఞత. అంటే, నువ్వు నా తలపులో ఉంటావని ఎదుటి మనిషికి చెప్పడమన్నమాట."

"మీకివన్నీ ఎలా తెలుసండీ?"

"ఇలాంటివి ఏరుకోవడం నాకో పిచ్చి. మా ఇంట్లో వినే నాథుడు లేడు. ఏదీ, మొత్తం ఒకసారి చెప్పండి. నాకేమీ తెలీదనుకోండి."

చెప్పించింది, అడ్డుపడింది, మళ్ళీ చెప్పించింది. ఒకచోట ఆవలించింది కూడా. ఆవలించిన చోట చిన్నకోడలు రెండు వాక్యాలు కోసేసింది.

ఇంతలో పిలుపొచ్చింది.

నుదుటి మీద చెయ్యేసి చూసిన సంగతి చెప్పిన దగ్గర గాజుకి అవతల కూర్చున్నవాళ్ళు నవ్వడం కనిపించింది. పుట్టుక దగ్గర తలలాడించారు. చిన్నకోడలు గాల్లో తేలిపోతూ బయటికొచ్చింది.

బెంచీ ఖాళీగా ఉంది.

"ఆవిడేరీ?"

"ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది. పద పద, బస్సు పోతుంది."

బస్సు అందింది. సగం దారిలో చిన్నకోడలు తల పట్టుకుంది. "అంతసేపూ థాంక్స్ గురించే మాట్లాడి, ఆవిడకి థాంక్స్ చెప్పలేదు మావయ్యగారూ."

"సొంతమనిషి అనుకున్నావేమోలే," అన్నారాయన.

ఉద్యోగం వచ్చింది. ఆ కబురొచ్చిన సాయంత్రం, కాఫీ అందించిన కోడలికి మామగారు థాంక్స్ చెప్పారు. అత్తగారు ఈసారి నుదురు ముట్టుకోలేదు. "డికాక్షన్ తీసింది నేను," అన్నారు.

మొదటి రోజు రికార్డింగు అవగానే, గాజుకి అవతల మీటలు తిప్పే ఇంజినీరుని చిన్నకోడలు అడిగింది.

"మమ్మల్ని పిలిచిన రోజున బయట ఒక పెద్దావిడ కూర్చున్నారు, కళ్ళజోడు తాడుకి కట్టుకుని. ఎవరితో వచ్చారో తెలుసాండీ? ఆవిడకొక మాట చెప్పాలి."

"ఎవరితోనూ రాలేదండీ. మీ తరవాత మైకు ముందు కూర్చుంది ఆవిడే. వాడుకైతే, మీరు చెప్పినవేవీ ముట్టుకోకుండా భలే చెప్పింది. ఆ గొంతు కూడా..." ఇంజినీరు మొహమాటంగా ఆగాడు. "అందరం ఆవిడకే వస్తుందనుకున్నాం."

"మరి?"

"పుట్టుక చెప్పలేదండీ. తెలీదా అని అడిగితే, 'తెలుసు గానీ, దాన్ని ఇందాకే బయట ఒకమ్మాయికి ఇచ్చేశాను' అని నవ్వేసి వెళ్ళిపోయింది."