వాన సూచన, వడియాల పిండి

భర్త పురుషోత్తంతో హైమావతికి ఉన్న పేచీ ఒక్కటే. ఆయన తన కళ్ళను తప్ప ప్రతిదాన్నీ నమ్ముతాడు. వాన సూచన వస్తే డాబా తలుపు బిగించుకోమని, చెప్పిన మాట విని బదులిచ్చే తమ ఇంటికి చెప్పింది ఆయనే. మూడు రోజులుగా సూచన వానంటోంది, కాకినాడలో ఎండ మాడ్చేస్తోంది. వీధిలో మిగతా ఇళ్ళూ అదే సూచన నమ్మి తలుపులు బిగించుకునే ఉన్నాయి.

బూడిద గుమ్మడి ముక్కలకు ఉప్పు రాసి, మూటకట్టి, బరువు పెట్టి నీరు పిండి, నిన్ననే మినప్పిండిలో కలిపింది హైమావతి. ఇవాళ ఎండలో వడియాలు పెట్టకపోతే పిండంతా పారబోయాల్సిందే. గిన్నె ఒళ్ళో పెట్టుకుని డాబా మెట్ల మీద కూలబడింది.

"తలుపు తియ్యవే," అంది ఇంటితో.

"వాన సూచన ఉందమ్మా. ఈ నియమం పెట్టినవారు అది తప్పని పైకి చెబితే తీస్తాను," అంది ఇల్లు.

పురుషోత్తం తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "సాయంత్రానికి పడుతుందేమో హైమా."

"నిన్నా అదే అన్నారు. నా నడుం పోయిందండీ. ఈ ఏడాది వడియాల్లేకుండానే పప్పన్నం తినండి."

ఆయన గిన్నెలోకి తొంగి చూశాడు. పిండి అంచున బుడగలు లేస్తున్నాయి.

"నేను పెట్టిన నియమం తప్పు," అని గొణిగాడు.

గడియ జారి తలుపు తెరుచుకుంది. మెట్ల మీద ఎండ పడింది.

హైమావతి కదల్లేదు. "ఇంటికి వినపడలేదనుకుంటా. ఇంకాస్త గట్టిగా అనండి."

ఆమె వెనక బార్లా తెరిచిన తలుపును చూస్తూనే పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాదే హైమా," అన్నాడు, ఆమె ఒళ్ళోంచి గిన్నె అందుకుంటూ.