గుమ్మడి కాఫీలో చెడు

ఇప్పుడు కాఫీ గ్లాసులన్నీ మాట్లాడతాయి. పెదవికి ఆనించేలోపే అందులోని మంచీ చెడూ చెప్పేస్తాయి. అనంతగిరి ఘాట్ రోడ్డు మీద నా కొట్లో చలికాలమంతా గుమ్మడి కాఫీయే పోతుంది. దాన్ని గ్లాసు ఇప్పటికి రెండుసార్లు తిట్టింది.

"మంచి: పాలు. చెడు: చక్కెర ఏడు చెంచాలు, ఘాటు డికాషన్. గుమ్మడి వాసనే ఉంది, గుమ్మడి లేదు."

మూడోసారి కూడా చెడే ఎక్కువ తేలితే ఈ ఏడు ఆ కాఫీ అమ్మకూడదని రూలు. అది లేకపోతే మా కొట్టే లేదు.

"ఏటి మావా, అలా కూకుండిపోనావు? ఆ గ్లాసుకి ఏదో ఒకటి సెప్పు" అంది నా భార్య పైడితల్లి.

నేను లేచాను. సీసాలో ఉన్న గుమ్మడి వాసన పాకం పారబోశాను. పెరట్లో పండిన గుమ్మడికాయ కోసి, నిప్పుల మీద కాల్చి, గుజ్జు మెత్తగా రుబ్బాను. రెండు మిరియాలు దంచి వేశాను. డికాషన్ పల్చన చేశాను. కాలిన గుమ్మడికి దాని తీపి దానికే ఉంది. చక్కెర డబ్బా మూత తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే జీపు డ్రైవరు సన్యాసిరావు వచ్చాడు. గ్లాసు చేతికిచ్చాను.

"మంచి: పాలు, పీచు, కంటికి మేలు చేసే గుమ్మడి" అంది గ్లాసు. "చెడు..." అని ఆగిపోయింది.

"ఏటి తాతా, దీని నోరు పడిపోనాదేటి?" అన్నాడు సన్యాసిరావు.

పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చాలాసేపటికి గ్లాసు గొంతు పెగిలింది.

"చెడు: వేడిగా ఉంది."

అప్పుడు నేను మొదటిసారి గ్లాసుకి బదులు చెప్పాను.

"ఊదుకో మరి" అన్నాను.