కొరియన్ గిరాకి

శిరీష ఫోన్‌లో కొరియన్ నేర్చుకుంటోంది. నిన్నటి పాఠం పుస్తకాలు కొనడం. ఇంట్లో మాటలు అలవాటు చేసుకోవడానికి ఆమె గిరాకి అయింది, తండ్రి బాపురావు దుకాణం సేటు.

"చూడొచ్చా?" అని ఆమె కొరియన్‌లో అడిగితే, అతను ఆమె నేర్పినట్టే వంగి, రెండు చేతులతో పుస్తకం అందిస్తూ, "చొంచొని పొసెయో," అన్నాడు.

ఇవాళ నిజామాబాద్‌లో, అతని సొంత పుస్తకాల దుకాణంలో, పసుపు పండే వేల్పూర్ నుంచి వచ్చిన ఓ పిల్ల కౌంటర్ మీదుగా చెయ్యి చాపి ఒక కథల పుస్తకాన్ని తాకింది.

"ఏయ్, ముట్టకు! ఏ గైడ్ గావాల్నో చెప్పు, నేనిస్త. గా పసుపు చేతులేంది!"

పిల్ల వేళ్లు వెనక్కి లాక్కుంది. పక్కనే ఉన్న శిరీష తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, నిన్న నాతోని అన్నవు గదా, దానికి తెలుగుల అర్థమేంది?"

"నిమ్మలంగ చూసుకోండ్రి."

"గదే గీ పిల్లకు అనరాదు?"

బాపురావు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మనోళ్లకు గట్ల ఎవలంటరు బిడ్డా?"