ముద్ర పడని కాగితం

“నేను కదల. సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఈ కౌంటర్ ముందే నిలబడత,” అన్నాడు జ్ఞానశేఖర్.

డెబ్బై రెండేళ్ల మనిషి. నాంపల్లిలోని ఆ మాజీ సైనికుల ఆఫీసులో పొద్దున పదింటి నుంచి నిలబడే ఉన్నాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. పక్కన కిష్టవ్వ. బేగం బజార్‌లో ఎండు మిరపకాయలకు తొడిమలు తీసి బతికే మనిషి. ఆమె కూతురు సంహితకు నర్సింగ్ కాలేజీలో సైనికుల కోటాలో సీటు తగిలింది. సాయంత్రం ఐదింటికల్లా సర్టిఫికెట్ చూపించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

కిష్టవ్వ మొగుడు మిలిటరీలో చేరిన మూడో నెల, ట్రైనింగ్‌లోనే నడుం విరిగింది. ఇంటికి పంపేశారు. ట్రైనింగ్ పూర్తి కానివాడు సైనికుడే కాదని ఈ ఆఫీసు ఒక కాగితం పంపింది. అప్పటికి సంహిత ఇంకా కడుపులోనే ఉంది. ఏడాది తిరక్కుండా ఆ మనిషి మంచంలోనే పోయాడు.

పద్దెనిమిదేళ్లకు సర్కారుకు బుద్ధొచ్చింది. ట్రైనింగ్‌లో దెబ్బ తగిలి వచ్చినవాళ్లకూ, వాళ్ల పిల్లలకూ సైనికుల రాయితీలన్నీ వర్తిస్తాయని పోయిన నెల కొత్త జీవో ఇచ్చింది.

ఆ సంగతి కిష్టవ్వకు తెలిస్తే కదా! ఆబిడ్స్ నుంచి జ్ఞానశేఖరే గల్లీ గల్లీ వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. ఎవడో బ్రోకర్ అనుకుందామె. తీరా చూస్తే పైసా అడగలేదు. చాయ్ ఇచ్చినా తాగలేదు.

గుమాస్తా వామన్‌రావు లంచ్‌కు పోయి వచ్చాడు. వీళ్లు అక్కడే ఉన్నారు.

“గిట్ల నిలబడితే అయితదా పెద్దసారూ? అప్పుడు మీకు రాదని పంపిన కాగితం కావాలె. జీవోల అదే రాసున్నది.”

“గా కాగితం కోపంల పొయ్యిల పెట్టిన సారూ,” అంది కిష్టవ్వ.

“ఆఫీసు నకలు ఉంటది,” అన్నాడు జ్ఞానశేఖర్. “లోపలి గదిలో కిటికీ పక్క బీరువా. కింది అర. ఎర్రగుడ్డ మూట.”

“మా బీరువాల సంగతి మీకెట్ల తెలుసు?”

“ముందు వెతుకు నాయనా. మాటలు తర్వాత.”

దొరికింది! దుమ్ము దులుపుకుంటూ వచ్చిన వామన్‌రావు కాగితం చదివి మొహం చిట్లించాడు.

“‘మీ భర్త సైనికుడు కాడు. మళ్లీ మళ్లీ వచ్చి విసిగించవద్దు.’ ఛీ! కడుపుతో ఉన్న ఆడమనిషికి గిట్ల రాస్తరా? వీడసలు మనిషేనా?”

“కాదు,” అన్నాడు జ్ఞానశేఖర్.

“అయినా లాభం లేదు సారూ. ముద్ర పడలే. కింద పేరు లేదు. వట్టి సంతకం. ఇది మా ఆఫీసుదే అని నేనెట్ల నమ్మాలె? పెట్టినాయన వచ్చి నాదే అని రాసియ్యాలె. ఎప్పుడో రిటైరై ఉంటడు. ఉన్నడో, పోయిండో! రేపు రాండ్రి, చూద్దాం.”

కిష్టవ్వకు ఒళ్లు మండిపోయింది. “రేపు ఏంది రేపు? వాడు బతికుంటే చెప్పు, గల్ల పట్టుకొని గీడికి గుంజుకొస్త! నా మొగని ఉసురు తగిలి ఏడ సచ్చిండో! అయ్య బతుకు ఒక్క కాగితంతోని ఆగం చేసిన్రు. బిడ్డ బతుకు చెయ్యనియ్య. పోలీసులను పిలుసుకో, పో. నేను గూడ కదల!”

గోడ గడియారంలో నాలుగూ ఇరవై అయింది. వామన్‌రావు కాగితాన్ని మళ్లీ మూటలో పెట్టబోయాడు.

జ్ఞానశేఖర్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. కిష్టవ్వ వైపు చూడలేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

కాగితాన్ని తనవైపు తిప్పుకుని, ఆ పాత సంతకం కిందే అచ్చం అలాంటిదే ఇంకొకటి పెట్టి, పద్దెనిమిదేళ్ల కింద రాయని తన పేరు ఈసారి పూర్తిగా రాశాడు.