పెళ్లంతా ఒక్క డిస్కులో

"అక్కా, ఏడు గంటల పెళ్లి వీడియో అంతా ఒక్క డిస్కులో పట్టించేశాను!"

ఎడిటర్ ఆ మాట అనగానే కొత్త పెళ్లికూతురు ఎగిరి గంతేసింది. "చూశావా, పట్టదన్నావు!" అని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"ఓడిపోయా తల్లీ," అన్నాడతను నవ్వుతూ.

పెళ్లిలో తాతయ్య గురించి తను మాట్లాడిన చోటు పెట్టమని ఆమె ఎడిటర్ని అడిగింది. పెళ్లి రోజు ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. చెవులు బొత్తిగా వినపడవు. పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. ఆ నాలుగు మాటల కోసం నెల్లాళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

తెర మీద ఆమె మొహం నీళ్లలో తడిసిన బొమ్మలా ఉంది. పెదాలున్న చోట ఎర్రటి మరక కదులుతోంది.

"ఇదేంటి తమ్ముడూ?"

"డిస్కంటే పొట్టి దుప్పటి లాంటిదక్కా. నిడివికి లాగితే స్పష్టత పోతుంది. రెండు డిస్కులు చేస్తానంటే, మార్చడం తాతయ్యకి రాదని మీరేగా వద్దన్నారు?"

"ఈ ఒక్క ముక్క మళ్లీ ఎక్కించు."

"నేను పంపింది ఫోన్లో చూసి మీరు సరే అన్నాక, అసలు వీడియో ఉన్న మెమరీ కార్డులు చెరిపేసి వేరే పెళ్లికి వాడేశానక్కా."

ఫోను బుల్లి తెరలో అంతా బాగానే కనిపించింది మరి. ఆమె కుర్చీలో కూలబడింది.

"సౌండు మాత్రం గంట మోగినట్టుందక్కా!" అన్నాడు ఎడిటర్, ఓదార్పుగా.

ఆమె డిస్కు సంచిలో వేసుకుని మొగుడి వైపు తిరిగింది.

"రేపు పొద్దున్నే తాతయ్య దగ్గరికి వెళ్దాం. నువ్వు సౌండు పెంచు. నేను టీవీ పక్కన నిలబడి, వింటూ అవే మాటలు మళ్లీ పలుకుతాను."