గజ్జి ఏ ఊరిది?

“గజ్జా? మా ఊళ్ళోనా?” నారాయణయ్య అరుగు మీద నుంచి లేచి మరీ కసిరాడు. “పోయి ఆ కొండాపురం పక్క చూసుకో పో!”

“కొండాపురంలో అడిగితే జలదంకి అన్నారు పెద్దాయనా. జలదంకికి పోతే మీ ఊరే అన్నారు,” అంది నర్సు లిదియమ్మ. ఏ ఊళ్ళో ఎంతమందికి గజ్జి ఉందో రాసుకోవడానికి వారం రోజులుగా ఎండలో తిరుగుతోంది. “ఏదీ, చెయ్యి చూపించు.”

ఆయన చేతులు కండువా కిందికి పోయాయి. భార్య రామసుబ్బమ్మ వచ్చి కండువా లాగేసింది. వేళ్ళ సందుల నిండా పొక్కులు.

“ఇది గాలికి వచ్చేది కాదు. ఒకే పడకా, ఒకే దుప్పటీ అయితే అంటుకుంటాది,” అంటూ లిదియమ్మ ఆమె చేతులు కూడా తిప్పి చూసింది. నున్నగా ఉన్నాయి.

తను నోరు జారినట్టు లిదియమ్మకు అప్పుడు తెలిసింది.

“ఎవత్తయ్యా అది?” అంది రామసుబ్బమ్మ.

“ఎవరూ లేరే!”

“పడమటి వీధిదా? ఆ పెంచలనరసయ్య ఇంటితో మనకు మాటల్లేక పన్నెండేళ్ళాయ. పొలం గట్టు తగాదాలో నన్ను నానా మాటలూ అన్నోడు వాడు. ఆ వీధిలో కాలు పెట్టినావని తెలిస్తే ఈ గడప తొక్కనియ్యను, చెప్తుండా!”

నారాయణయ్య కండువా లాక్కుని మళ్ళీ చేతులు కప్పుకున్నాడు.

“ఆత్మకూరులో... ఒకావిడ ఉండాదిలే.”

“పడమటి వీధి కాదు గదా?”

“కాదు.”

“బతికించినావు,” అని గుండెల మీద చెయ్యి వేసుకుందామె. విన్నదేమిటో ఆ తర్వాత గానీ బుర్రకెక్కలేదు. అరుగు మీది చేట బియ్యంతో సహా ఎగిరి ఆయన మీద పడింది.

లిదియమ్మ మందు ట్యూబులు అరుగు మీద పెట్టి, “ఇంట్లో అందరూ మెడ నుంచి అరికాళ్ళ దాకా పూసుకోండి,” అని గబగబా బయటపడింది. తర్వాత చూడాల్సింది పడమటి వీధి.

అక్కడ పెంచలనరసయ్య తన వాకిట్లో, ఫోను తిన్నె మీద పెట్టి, రెండు చేతులూ గోక్కుంటున్నాడు. నర్సును చూడగానే, అడక్కముందే మొదలుపెట్టాడు.

“ఆత్మకూరులో ఒకావిడ ఉండాదమ్మా...”

తిన్నె మీది ఫోనులోంచి నారాయణయ్య గొంతు వినిపించింది. “ఆ, అట్నే చెప్పు నరసయ్యా! ఇంక రాత్రి చేలో అడవి పందుల కాపలాకి పోయినప్పుడు మాత్రం, మంచె మీద నీ దుప్పటి నీది, నా దుప్పటి నాది!”