పదకొండు రోజుల పాప

"గీ సమాధి రాయి మీద ఏం రాసుంది సార్?" చర్చి ఊడ్చే కరుణమ్మ చీపురు ఆపి అడిగింది.

"ఎవరో దొర బిడ్డమ్మా. పదకొండు రోజులకే పోయింది. పేరు కూడా పెట్టినట్టు లేదు." నాచారంలో తెల్లదొరల కాలం నాటి ఆ చర్చి చరిత్ర రాస్తున్న రిటైర్డ్ టీచర్ దేవదానం ముందుకు కదిలాడు.

"పుస్తకంల రాస్తరా?"

"పేరులేని పసిగుడ్డు గురించి రాయడానికేముందమ్మా?"

"నా బిడ్డ గూడ తొమ్మిదో దినం పోయింది సార్. దానికి రాయి గూడ లేదు."

దేవదానం వెనక్కి వచ్చి, రాయి మీది మాటలన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నీ పాపకు ఏం పేరు పెడదామనుకున్నావు?"

"స్వరూప," అంది కరుణమ్మ. ఇరవై ఏళ్లలో ఆ పేరు ఒకరికి చెప్పడం అదే మొదటిసారి. చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.